వందియు, బందియు: బొబ్బిలికథయందును ప్రతాపరుద్రీయమునందును గూఢప్రతిఘటనము

బొబ్బిలియుద్ధమును గూర్చి తెలుగున వెలసిన రచనలు పెక్కులు గలవు. దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము పండితలోకమునకు బరిచితము. జంగములు తంబురా మీటి పాడిన బొబ్బిలికథ అక్షరజ్ఞానము లేనివారికిని గంఠస్థము. వేదము వేంకటరాయశాస్త్రిగారి బొబ్బిలియుద్ధనాటకము 1916వ సంవత్సరము నాటిది. వీనియందలి యుద్ధవీరమును గూర్చి విమర్శకులు విస్తరించి వ్రాసియున్నారు. కాని కోట కూలినపిమ్మట, శత్రువు చేతికి జిక్కినచోట, బాహాటముగా నాయుధ మెత్తుటకు వీలుపడని దశలో మనుష్యుడు సలుపు రహస్యప్రతిఘటనము ఏ రసమునకు జెందును? దానిని మనకవు లెట్లు చిత్రించిరి? ఈ ప్రశ్నము తగినంత విచారమునకు రాలేదు.

ఈ వ్యాసమున నేను బ్రతిపాదింపదలచినది యొక్కటియే. గూఢప్రతిఘటనము వీరరసముననే చేరును. దానికి ముఖ్యమైన కవచము వేషము గాదు, భాష. ఈ సంగతిని గుర్తింపమిచే మనవారు ఒక మంచి నాటకమున లేని భాషాదోషమును జూచిరి. ఒక బందీచరిత్రమును బాడకయే విడిచిరి.

ముందుగా శబ్దవిచారము. సంస్కృతమున 'వందిన్' అను నకారాంతపుంలింగశబ్దము కలదు. స్తుతిపాఠకుడని దాని యర్థము. 'వందీ' యను నీకారాంతస్త్రీలింగశబ్దము వేఱొకటి కలదు. బలిమిచే బట్టుకొనిపోబడిన వ్యక్తి యని దాని యర్థము. అమరసింహుడు రెంటిని క్షత్రియవర్గముననే చెప్పి, రెండవదానికి బ్రగ్రహోపగ్రహశబ్దములను బర్యాయములుగా నిచ్చినాడు. కాళిదాసు కుమారసంభవద్వితీయసర్గమున తారకుని చెఱలోనున్న దేవతాస్త్రీలను ఈ శబ్దముతోనే పేర్కొన్నాడు. వకారబకారములకు అభేదము ప్రసిద్ధము గావున లోకమున నిది 'బందీ' యైనది. పారసీకమునను బందీ యనగా జెఱబడినవాడే యగుటచే దెలుగున నా రూపము మఱింత స్థిరపడినది. చమత్కార మేమనగా, ప్రథమావిభక్త్యేకవచనమున ఈ రెండుశబ్దములకును 'వందీ' యనియే రూపము. పొగడువాడును జెఱబడినవాడును ఆ యొక్కరూపమున గలిసియుందురు, తరువాత విడిపోవుదురు. మనవాఙ్మయమున మాత్రము వీ రిరువురును మొదటినుండియు విడిపోయియే యున్నారు. వందులు విజేతలను బాడిరి. యుద్ధభూమిని బడినవారినిగూడ బాడిరి. బందులను మాత్రము పాడుటకు సంకోచించిరి.

ఇక బొబ్బిలికి వత్తము. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీని ఫ్రెంచిసేనాని బుస్సీయు, విజయనగరప్రభువగు పెదవిజయరామరాజును గలిసి బొబ్బిలికోటను ముట్టడించిరి. రంగారావును అతని బలగమును కడపటిదాక పోరి పడిపోయిరి. శత్రుహస్తగతులు గాకుండుటకై యంతఃపురస్త్రీలును శిశువులును స్వజనముచేతనే ప్రాణములు విడిచిరి. ఈ కథ మన ప్రాంతమున నెఱుగనివారు లేరు. ఆంగ్లచరిత్రకారుడైన రాబర్టు ఓర్ము తన సైనికచరిత్రమున, 1778లో వెలువడిన రెండవసంపుటమున, ఈ యుద్ధమును వివరముగా వ్రాసినాడు. అతనికి రసపోషణముతో బనిలేదు. అందుచేతనే అతని కథనమున కవుల కథనమునందు మరుగుపడిన యొక వివరము నిలిచియున్నది.

ఓర్ము చెప్పిన సారమిది. రంగారావు పడుట చూచి నలుగురు భటులు కోటలో జనసంచారములేని యొకమూల దాగిరి. రాత్రి గాగానే గోడ దిగిరి. విజయరామరాజు సైన్యపు విడిదిగుండ నడచిరి. వారును ఆ సైనికులును ఒక్కభాషయే మాటలాడువా రగుటచే నెవ్వరును వారిని శంకింపలేదు. సమీపమున బొదలలో రెండుదినములు పొంచియుండి, దండు సద్దుమణిగినపిమ్మట ఇరువురు వెలువడి, అడిగినవారికి మరల మాటతోనే నమ్మకము గలిగించి, గుడారము వెనుకభాగమున నేలబ్రాకి లోపల జొచ్చి, ఒంటరిగా నిదురించుచున్న విజయరామరాజును బొడిచిచంపిరి. కావలివారు వచ్చి వారిని బరిమార్చిరి.

చదువరులు ఒక సంగతిని గమనింప బ్రార్థితులు. ఈ వృత్తాంతమున ఓర్ము రెండుమారులు భాషను బేర్కొన్నాడు. వారు శత్రువేషము ధరించి రనడు, మంత్రతంత్రములు చెప్పడు, లంచ మిచ్చి రనడు. మాటయే వారికి దారి యిచ్చినది. వెలమల కోటను క్షత్రియుల దండు ముట్టడించినను ఇరుదెఱలవారిది ఒకసీమ, ఒకపలుకుబడి. దూరదేశమునుండి తుపాకులతో వచ్చిన ఫ్రెంచివారికి బొబ్బిలిభటునకును విజయనగరభటునకును భేదము చెవికి దెలియదు. అన్నదమ్ముల వంటివా రొండొరులను జంపుకొన్న యుద్ధమున, ఆ దాయాదిభాషయే పరాజితునకు గడపటి యాయుధ మైనది. ఓర్ము ఆ నలుగురి పేరులు చెప్పలేదు. వారు కోటలోనివారే, కోట శత్రువశ మైనది, వారును న్యాయముగా బందులే. బందులై యుండియు బందులుగా బట్టుపడనివారు.

మన కథాసంప్రదాయమున నీ ఘట్టము తాండ్రపాపారాయని యందు నిలిచినది. అతడు రాజామున నుండెను. కోట పడినపిమ్మట వచ్చి, రాత్రివేళ విజయరామరాజు గుడారమున జొచ్చి పగదీర్చుకొనెను. రాజాము చిరకాలము శ్రీకాకుళమండలమున నుండి 2022లో విజయనగరమండలమున జేరినది. నేటికిని ఆ యూర నాతని పేరు జనుల నాలుకలపై నున్నది. ఈ రెండుకథనములలో నేది చారిత్రకసత్యమని నిర్ణయించుట యీ వ్యాసమునకు బ్రస్తుతము గాదు. మనకు గావలసినది కవిసంప్రదాయము ఏమి కోరుకొన్నది యనునది. కూలినకోటలో దాగిన పేరులేని నలుగురకు మాఱుగా, కోటవెలుపలినుండి వచ్చిన పేరుగల యొక్కవీరుని అది కోరుకొన్నది. ఓడినచోటనుండి బయలుదేఱిన ధైర్యమును అది ఓడనిచోటికి మార్చినది. దాగుట, పొంచుట, నేలబ్రాకుట, శత్రువు నడిగిన ప్రశ్నకు వినయముగా బదులు చెప్పుట — ఇవి వందికంఠమున నిముడవు. సింహనాద మిముడును. పులి యను బిరుద మిముడును. కావున జనకథయందు బాపారాయని రాకలో గర్జనము హెచ్చినది, మౌనము తగ్గినది.

దీనివలన గలిగిన లాభమును నేను గాదనను. పాపారాయడు తెలుగువారి కొక యుజ్జ్వలమైన నాయకుడు. కాని నష్టమును జెప్పకయుండరాదు. ఆ రెండురాత్రుల కథ, శత్రువులనడుమ నడచిన యా మాటల కథ, మనకు దక్కలేదు.

ఇట్టి కథను జెప్పుట మనపూర్వులకు జేతగాదా యన్న, చక్కగా జేతనగును. ఆదికావ్యమునే చూతము. సుందరకాండమున హనుమంతుడు శింశుపావృక్షముపై గూర్చుండి చేసిన యాలోచన సర్వవిదితమే. సీత యుద్ధమునకు గారణమైన బందీ; చుట్టును రాక్షసస్త్రీలు. ఆమెతో మాటలాడవలెను, కాని యే భాషలో? ద్విజునివలె సంస్కృతమున బలికినచో రావణుడే వచ్చినాడని యామె భయపడును. ఆమె యార్తధ్వని చేసెనా, కావలివారు మేల్కొందురు, కార్యము చెడును. కావున సామాన్యమనుష్యులు పలుకు మాటలతోనే పలుకవలె నని యతడు నిశ్చయించినాడు. నవవ్యాకరణపండితుడని ప్రసిద్ధికెక్కిన హనుమంతుడు, భాషాశుద్ధి తెలియక గాదు, తెలిసియే, సంస్కృతమును మానుకొన్నాడు. చెఱసాలయందు శుద్ధభాష శత్రుభాషగా దోచు సందర్భ ముండునని వాల్మీకి మనకు నేర్పినాడు. వ్యాకరణ మభ్యసించినవారు ఈ సర్గమును బాఠాంతరములకొఱకు మాత్రమే చదువుట సరిగాదు.

నాటకములయందు నీ మర్మము మఱింత స్పష్టము. భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణమున వత్సరాజగు నుదయనుడు కపటగజముచే మోసపోయి ప్రద్యోతునకు బందీ యగును. మంత్రి యౌగంధరాయణుడు ఉన్మత్తవేషమున నుజ్జయినిని బ్రవేశించును. రుమణ్వంతుడు శ్రమణకుడుగాను, వసంతకుడు భిక్షుకవేషమునను దిరుగుదురు. తృతీయాంకమున వారు వీథిలో మోదకములకై కలహించినట్లు నటించుచు నొకచోట గలిసికొందురు. పరులు వినునంతవఱకు మంత్రి నోట బ్రాకృతము. ఏకాంతము లభించినంతనే సంస్కృతము. వేషము మార్చినవాడు పలుకు మార్పకుండిన మొదటిమాటకే పట్టుపడును. విశాఖదత్తుని ముద్రారాక్షసమునను నిట్లే. ద్వితీయాంకమున విరాధగుప్తుడు పాములవాడై ప్రాకృతమున బలుకుచు వచ్చును. తనలో దాననుకొనునపుడు సంస్కృతము నాశ్రయించును. ప్రేక్షకునకు నాతని నిజస్వరూపము దెలిసినది భాషచేతనే. శత్రునగరమున దాని మరుగుపఱచినదియు భాషయే.

కథాసరిత్సాగరమున నుదయనుని కథయే కలదు. అందు యౌగంధరాయణుడు యోగేశ్వరుడను బ్రహ్మరాక్షసునివలన నేర్చిన యుపాయముచే రూపము మార్చుకొనును. వికృతాంగుడై, వృద్ధుడై, ఉన్మత్తుడై కనబడును. కథకు మంత్రము చాలును. నాటకమునకు జాలదు. రంగమున నటుడు కన్నులయెదుట నిలిచి మాటలాడవలెను గదా. అందుచే భాసుడు మంత్రమును దీసివైచి యాస్థానమున భాష నుంచినాడు. ఇది గొప్ప శిల్పరహస్యము.

ఇపుడు తెలుగునకు రావచ్చును. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయము 1897లో వెలువడినది. ఓరుగంటిరాజగు బ్రతాపరుద్రుడు శత్రువుల మోసముచే జిక్కి ఢిల్లీకి గొనిపోబడును. మంత్రి యుగంధరుడు సుల్తానునే బట్టితెత్తునని ప్రతిజ్ఞ పట్టి, పిచ్చివాడై ఢిల్లీవీథుల దిరుగును. తాను జేయబోవు కార్యమును దాచడు. బహిరంగముగా నఱచుచునే తిరుగును. వినువారు నవ్వుదురు. దాచదలచినదానిని ఎల్లరు వినునట్లు చెప్పి దాచుట యిందలి చమత్కారము. యుగంధరుని గోత్రాపత్యమే యౌగంధరాయణుడు. ఫక్ప్రత్యయమును, ఆయనాదేశమును, ఆదివృద్ధియు జేసి చూచికొనవచ్చును. ఈ పేరు మన చారిత్రకగాథలయందు బూర్వమే కలదు. దానిని వత్సరాజుకథతో జతపఱిచి చూచుట నాటకకర్తృని ప్రజ్ఞ. భాసనాటకములు గణపతిశాస్త్రిగారిచే దిరువనంతపురమున 1912లో బ్రకటితము లగుట మొదలుపెట్టినవి. కావున 1897లో శాస్త్రిగారు ప్రతిజ్ఞానాటకమును జూచి వ్రాసి రనుటకు వీలులేదు. కథాసరిత్సాగరమును మాత్ర మెఱుగుదురు. దానిని దెలిగించినవారు వారే. అట్లుండియు వారు మంత్రము నాశ్రయింపక భాష నాశ్రయించిరి. పదునైదేండ్లతరువాత వెలుగుచూచిన ప్రాచీననాటకముతో దమకు దెలియకయే యేకీభవించిరి.

ఈ నాటకమున రాజును మంత్రియు గ్రంథభాషయందు మాటలాడుదురు. రజకుడైన పేరిగాడు మొదలగువారు తమతమ పలుకుబడిలోను, తురకపాత్రములు హిందూస్థానీ కలిసిన తెలుగులోను మాటలాడుదురు. దీనిపై నాటి పండితు లాక్షేపించిరి. గ్రామ్యము కావ్యమున జొరరాదనిరి. శాస్త్రిగారు గ్రామ్యభాషాప్రయోగనిబంధనమున దమపక్షమును సమర్థించుకొనిరి. పాత్రోచితభాష యను పేర నది నేటికిని బ్రసిద్ధము. ఆ సంవత్సరమే గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము అచ్చుపడినది. శ్రీకాకుళప్రాంతమున జనించిన గిడుగు రామమూర్తిగారు తరువాత వ్యావహారికోద్యమమును నడపిరి. కాలక్రమమున ప్రతాపరుద్రీయముకూడ నా గ్రాంథికవ్యావహారికవివాదమున నొక సాక్ష్యముగా మాత్రమే చూడబడుచు వచ్చినది. ఇరుపక్షములవారును అందు గ్రామ్యమెంత, గ్రాంథికమెంత యని కొలుచుకొనిరి గాని, అది నాటకమున జేయు పని యేమని యడుగుట యరు దయ్యెను.

శాస్త్రిగారు వ్యావహారికవాదులు గారు. తమ వచనమున, ఉత్తమపాత్రములయందును గ్రాంథికమును దృఢముగా బట్టినవారు. అట్టివారు గ్రామ్యమును జొనుపుట పాత్రస్వభావమునకై యని సమాధానము చెప్పుట సత్యమే, కాని యసంపూర్ణము. ఈ యితివృత్తమున ఫలసిద్ధియే భాషాభేదముపై నాధారపడియున్నది. ఢిల్లీవీథిలో పిచ్చివాడు సాధురేఫశకటరేఫభేదము పాటించి, ద్రుతమునకు సరళాదేశములు చేయుచు గూసినచో, సుల్తాను కావలివాడు తెలుగు రానివాడైనను శంకించును. అంద ఱొక్కభాష పలుకు నాటకమున మాఱువేషమునకు దావులేదు. మాఱువేషమునకు దావులేనిచోట బందీకి విడుదల లేదు. కావున ప్రతాపరుద్రీయమున నీచపాత్రముల భాష అలంకారము గాదు, అది చెఱసాలతాళపుచెవి. బాలవ్యాకరణము పఠించినవాడనై, అపశబ్దమును జూచిన నేటికిని మనసొప్పనివాడనై యుండియు, ఈ మాటను నిస్సంశయముగా జెప్పుచున్నాను. లక్షణము కావ్యమును రక్షించుటకై యున్నది; రాజును శత్రువునకు బట్టియిచ్చుటకై గాదు.

బొబ్బిలితో బోల్చి చూచిన నొకభేదము గానవచ్చును. ఢిల్లీయందు శత్రువుల భాష పరభాష; ప్రతిఘటించువాడు దానిని నేర్చి ధరింపవలెను. బొబ్బిలియందు శత్రువుల భాష స్వభాష. ధరింపవలసినది లేదు, లోపలి దుఃఖమును స్వరమునకు రానీయకుండుట మాత్రమే కావలెను. ఏది దుష్కరమన్న, రెండవదే యని నాకు దోచుచున్నది. ప్రభువు పడిపోయినరాత్రి, ఆ ప్రభువును బడవైచినవారి నడుమ, ఇంటిమాటతోనే, వణకని కంఠముతో బదులు చెప్పుట సామాన్యమా?

ఇక రసవిచారము. గూఢప్రతిఘటనము వంచన, వంచన వీరము గాదని యొక పూర్వపక్షము. భరతముని వీరమునకు స్థాయి యుత్సాహమని చెప్పి, విభావములలో బలపరాక్రమములతోబాటు అసమ్మోహము, అధ్యవసాయము, నయము, వినయము మొదలగువానిని బేర్కొన్నాడు. నయమనగా నీత్యుపాయము, అసమ్మోహమనగా దెలివి దప్పకుండుట. చెఱబడినవానికి బలపరాక్రమములు తొలగును గాని యివి తొలగవు. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నవహిత్థ మొకటి కలదు. ఆకారమును గప్పిపుచ్చుట దాని స్వరూపము. శృంగారమున లజ్జచే గలుగు నవహిత్థమునకే మన లాక్షణికు లెక్కువగా నుదాహరణము లిచ్చిరి. అదియే యుత్సాహమును బోషించినపుడు గూఢవీరము సిద్ధించును. తిక్కనసోమయాజి విరాటపర్వమున నిట్టి వీరమునకు నిదర్శనము లపారముగా నున్నవి. భీముడు వంటశాలలో గరిటె పట్టుకొని తన కోపమును మ్రింగుటలో నెంతయుత్సాహము గలదో, కీచకుని జంపుటలో నంతకంటె నెక్కువ లేదు.

రెండవ పూర్వపక్షము బలవత్తరము. నిద్రించుచున్నవానిని జంపుట సౌప్తికము, అశ్వత్థామ పని. దానిని వీరమని పొగడుట ధర్మమా? ఈ యాక్షేపమును దప్పించుకొనుట నాకిష్టములేదు. సౌప్తికపర్వమును దెలిగించిన తిక్కనయే అశ్వత్థామకు వీరకీర్తి నీయలేదు. గుడారములో జరిగినది రౌద్రము; దానికి స్థాయి క్రోధము. విజయరామరాజును నొకరాజే, అతనికిని ఏడ్చినవారు గలరు, ఆ సంస్థానము మన సంస్కృతపాఠశాలలకును సంగీతసాహిత్యములకును దరువాత నిచ్చిన యాశ్రయమును మఱచి మాటలాడుట కృతఘ్నత. నేను వీరమని చెప్పునది కత్తి దిగిన క్షణమును గాదు. పట్టువడక, మాట తడబడక, ప్రాణములపై యాసలేక గడపిన యా రెండుదినములను. కవులు ఆ క్షణమును బాడి, ఆ దినములను విడిచిరి. అనగా రౌద్రమును బాడి వీరమును విడిచిరి. రసదృష్టితో నిది విపర్యయము.

వీరు విడిచిన దింకను గలదు. ఇంతవఱకు మనము జూచిన కథలలో బ్రతిఘటించువారు బందీకొఱకు బోరాడువారు, లేక బందులు గాబోవువారు. బందీ స్వయముగా నేమి చేసెను? భాసుని నాటకమున నుదయనుడు రంగముపై నొక్కమారైనను గానరాడు. నాటకమంతయు నాతని విడుదలకే; అతడు మాత్రము తెరవెనుకనే. బందీ యైన రాజును జూపుట కవికి గష్టమని దీనినిబట్టి యూహింపవచ్చును.

చారిత్రకప్రతాపరుద్రుని గతియు నిట్టిదే. విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను నలంకారగ్రంథమున దన ప్రభువు నన్నిలక్ష్యములకును నాయకునిగా జేసినాడు. నాటకప్రకరణమున నాతనిపై నొక నాటకమే కట్టినాడు. మల్లినాథసూరి కుమారుడగు కుమారస్వామి దానికి రత్నాపణమను వ్యాఖ్య రచించినాడు. మనవిద్యార్థు లందుండియే రసాలంకారములు నేర్చికొందురు. ఆ ప్రభువే 1323లో ఉలుగుఖానునకు బందీ యైనాడు. ఢిల్లీకి గొనిపోబడుచు దారిలో మరణించినాడు. ప్రోలయనాయకుని విలసశాసనము అది నర్మదాతీరమున జరిగెనని చెప్పి దైవముపై బెట్టినది. ఒక నూఱేండ్లతరువాత, 1423 నాటి యనితల్లి కలువచేరుశాసనము ఆతడు తన యిచ్ఛచేతనే దేవలోకమున కేగెనని సూచించుచున్నది. దీనినిబట్టి చరిత్రకారులు ఆత్మార్పణము నూహించిరి. సంకెలలో నున్న రాజునకు దన దేహముకంటె వేఱు రాజ్యము లేదు. దానిని శత్రునగరద్వారము దాటనీయకుండుట యతని కడపటి రహస్యసంధిభంగము. ఈ యర్థము నంగీకరించినచో మూడుప్రతాపరుద్రీయము లున్న వనవలెను. విద్యానాథునిది స్తుతి, వేంకటరాయశాస్త్రిగారిది విడుదల, నర్మదాతీరమునది మౌనము. మొదటి రెంటిని మనము పాఠము చెప్పుచున్నాము. మూడవది రెండు తామ్రశాసనములయందు గొలదిమాటలలో నిలిచియున్నది. పొగడిన వంది యుండెను; బందీ యైనపుడు కవి లేడు.

బొబ్బిలియందును నట్లే. కోట చొచ్చినరోజున నొక వృద్ధుడు రంగారావు కుమారుని, పసిబాలుని, చేతబట్టి తెచ్చి, తండ్రి యాజ్ఞకు విరుద్ధముగా దానీ శిశువును గాపాడితి నని ఫ్రెంచివారి కప్పగించెనని ఓర్మే వ్రాసినాడు. ఆ బాలుడే చినరంగారావు. తరువాత నతడు విజయనగరకోటలో బందీగా నుండెను. అందుండి తప్పించుకొని నైజాముసీమకు బోయెను. 1794 జూలై 10వ తేదీని పద్మనాభయుద్ధము జరిగి విజయనగరసంస్థానవ్యవస్థ మాఱినపిమ్మట ఆంగ్లేయప్రభుత్వ మతని బిలిపించి పిత్రార్జితమగు బొబ్బిలి నిచ్చినది. తండ్రి మూడుజాములలో బోగొట్టుకొన్నదానిని గొడుకు మూడు పుష్కరములకు బైగా నోర్చుకొని సంపాదించుకొన్నాడు. బొబ్బిలి నేటికిని బేరుగల సంస్థానముగా జరిత్రలో నిలుచుట కాతని యోర్పే కారణము. అయినను బాపారాయనికున్న కీర్తిలో బదియవపాలైనను నాతనికి లేదు. మృతుల కావ్యములు మనకు గలవు. బ్రదికి, చెఱయందు గనిపెట్టుకొని యుండి, తప్పించుకొని, మరలివచ్చినవానికి గావ్యము లేదు. ఆ వృద్ధునకు బేరైనను లేదు. ప్రభ్వాజ్ఞను రహస్యముగా నుల్లంఘించి వంశమును నిలిపినవా డాతడే కదా!

జీవించియుండుట పరాజయమునకు గుర్తని తలచు సాహిత్యసంస్కారము మనకు గలిగినది. అది రాజాస్థానములయం దవసరమై యుండవచ్చును. పాఠశాలలలో బాలురకు నేర్పునపుడు మాత్రము విచారింపవలసినది. యుద్ధము లంతరింపలేదు; బందులు నంతరింపలేదు. చిక్కినవాడు చచ్చిననే వీరుడని చెప్పుట సాహసముగాని శాస్త్రముగాదు. అసమ్మోహము, నయము, అధ్యవసాయము గలవాడు సంకెలలోను వీరుడే యని భరతుడు మన కాధార మిచ్చినాడు.

కావున విజ్ఞులకు నావిన్నపము లివి. ప్రతాపరుద్రీయమును బాఠము చెప్పునపుడు పిచ్చివాని మాటలను, పేరిగాని మాటలను హాస్యమని దాటవేయక, కథాసిద్ధికి సాధనములని విడమఱిచి చెప్పవలెను. పద్యభాగములను మాత్రము తీసికొని తక్కినదానిని విడుచు వాడుక మానవలెను. బొబ్బిలికథ జంగములనోట నేయేయూర నెట్లు నిలిచినదో రాజాము, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురము ప్రాంతములయందు సేకరించునపుడు, యుద్ధవర్ణనలతో దృప్తిపడక, కోట పడినపిమ్మటి రాత్రులను గూర్చి గాయకులేమి పాడుదురో ప్రత్యేకముగా వ్రాసికొనవలెను. వారి పలుకుబడిని దిద్దరాదు, ఏలయన నా పలుకుబడియే యిచట సాక్ష్యము. చినరంగారావు చరిత్రమును ఆధారములతో గూర్చి ప్రకటించుపని ఈ మండలములలోని పండితులలో నొకరు పూనవలెను. అది యుద్ధకావ్యము గాదు. అందు గుఱ్ఱములు పరుగెత్తవు, ఫిరంగులు మ్రోగవు. చెఱలో నొకడు మాటను దాచుకొని సంవత్సరములు లెక్కించుట యందలి వస్తువు. దానిని వ్రాయగలవాడు తెలుగువచనమునకు గ్రొత్తశక్తి నిచ్చినవా డగును.